కొంచెం అడ్జస్టవ్వు తల్లీ

మొన్న మే నెలలో కావలి నుంచి సింగరాయకొండకి ఆర్డినరీ బస్సులో వస్తున్నా. ముగ్గురు కూర్చునే సీటు, కిటికీ పక్కన నేను, మధ్యలో చంటిబిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఒకామె, ఈ చివర కాలేజీ పిల్ల. ఉలవపాడులో బస్సు ఆగితే మామిడికాయల బుట్ట నెత్తిన పెట్టుకోని ఒక పెద్దామె వచ్చింది, డెబ్బై దాటే ఉంటాయి, "ఇది ఒంగోలు పోద్దా అయ్యా" అని కండక్టర్ని రెండుసార్లు అడిగి మరీ ఎక్కింది, అంటే బోర్డు చదవడం రాదు. బుట్ట మా కాళ్ళ దగ్గరికి తోసేసి, సీటు కమ్మీ పట్టుకోని, "కొంచెం అడ్జస్టవ్వు తల్లీ, మోకాళ్ళు నిలవనీటంలా" అనింది. అంతే, ముగ్గురం ఒకరి మీదికి ఒకరం జరిగాం, నాలుగో మనిషికి చోటు దొరికింది.

ఆ మాట ఇంక నా బుర్రలోంచి పోలా. జరగమ్మా అనొచ్చు, సర్దుకోండి అనొచ్చు, రెండూ మన మాటలే, ఆమెకి రానివి కాదు, అయినా నోట్లోంచి అడ్జస్ట్ అనే మాటే వచ్చింది, అదీ ఎక్కడా తడుముకోకుండా, నీళ్ళు అన్నం అన్నంత తేలిగ్గా. అసలు ఈ మాట ఎక్కడ పుట్టింది, ఎన్ని ఊళ్ళు తిరిగి ఉలవపాడు దాకా వచ్చింది అని ఆ పూటంతా అదే ఆలోచన.

నేను ఇంటర్ సీఈసీ పిల్లలకి ట్యూషన్ చెప్తా. ఇన్నాళ్ళూ నేను అనుకుందీ, పిల్లలకి చెప్పిందీ ఏందంటే, అడ్జస్ట్‌లో జస్ట్ ఉంది కదా, జస్ట్ అంటే న్యాయం, సరిగ్గా ఉండటం, కాబట్టి సరిచెయ్యడమే అడ్జస్ట్ అని. వినడానికి చక్కగా అతికినట్టు ఉంటది. ఆ రాత్రి డిక్షనరీలు ముందేసుకోని కూర్చుంటే తెలిసింది అది తప్పని. ఈ తప్పు నాకంటే ముందు ఫ్రెంచోళ్ళూ ఇంగ్లీషోళ్ళూ వందల ఏళ్ళ కిందటే చేశారు, దాని వల్ల ఆ మాట తీరే మారిపోయింది. ఆ సంగతి కిందికి పోయేకొద్దీ చెప్తా.

లాటిన్‌లో యుక్స్తా అని ఒక మాట ఉంది. పక్కన, దగ్గర్లో, ఆనుకోని అని అర్థం. దాని ముందు అద్ అనేది చేర్చారు, అద్ అంటే ఫలానా వైపుకి అని. ఈ రెండూ కలిసి, లాటిన్ చివరి కాలంలో అద్‌యుక్స్తారే అనే క్రియ తయారైంది, దగ్గరికి తేవడం, పక్కన చేర్చడం అని అర్థం. అది పాత ఫ్రెంచిలోకి పోయి కలపడం, జతచెయ్యడం అనే అర్థంతో 12వ శతాబ్దం నాటికే వాడుకలో ఉంది, అక్కడి నుంచి 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి దిగింది. అంటే పుట్టినప్పుడు దానికీ న్యాయానికీ ఏ చుట్టరికమూ లేదు, పక్కకి జరిగి దగ్గరవడమే దాని మొదటి పని.

ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. ఉలవపాడు పెద్దామె మమ్మల్ని అడిగింది అదే కదా! ఇంగ్లండులో బస్సెక్కిన మనిషి పక్కోళ్ళని జరగమనడానికి ఈ మాట వాడడు, వాళ్ళకి ఇప్పుడు అడ్జస్ట్ అంటే మిషన్లో మర తిప్పడం, అద్దం వంపు సరిచెయ్యడం, లేకపోతే కొత్త ఊరికి మెల్లగా అలవాటు పడటం. మొదటి అర్థం అక్కడ ఎప్పుడో మాసిపోయింది. మన దగ్గర మాత్రం, చదువు రాని ఒక పెద్దామె నోట, ఆ మాట మళ్ళీ పుట్టింటికి చేరింది.

ఇంకొంచెం లోతుకి పోతే యుక్స్తాకి వేరు ఒకటి ఉంది, కలపడం అనే అర్థంతో. ఆ వేరు నుంచే సంస్కృతంలో యుజ్ అనే ధాతువు వచ్చింది. యుజ్ అంటే చాలు, మనకి వరస పెట్టి మాటలు గుర్తొస్తాయి, యోగం, యుక్తం, సంయుక్తం, వియోగం, ప్రయోగం, యుగళం, యుగ్మం. ఇవన్నీ అడ్జస్ట్‌కి చుట్టాలు. ఉద్యోగం కూడా అందులోదే. జాయిన్ అనే ఇంగ్లీషు మాటదీ అదే వేరు, కాబట్టి ఎవరన్నా "ఉద్యోగంలో జాయినయ్యా" అంటే ఒకే వేరుని ఒక వాక్యంలో రెండుసార్లు పలికినట్టే. గూడూరు జంక్షన్‌లో జంక్షన్, జాయింట్ కలెక్టర్‌లో జాయింట్, జాయింట్ ఫ్యామిలీలో జాయింట్, అన్నీ ఒక తల్లి బిడ్డలే. బైపీసీ పిల్లలు చదివే జైగోట్ కూడా అంతే, అది గ్రీకు వైపు నుంచి వచ్చిన చుట్టం, మన తెలుగు పుస్తకాల్లో దాన్ని సంయుక్తబీజం అని రాశారు చూడండి, ఆ అనువాదం చేసిన మహానుభావుడు ఎవరో గానీ సరిగ్గా అదే వేరు పట్టుకున్నాడు.

మరి యు అనేది జు ఎట్టయింది అని అడగొచ్చు. లాటిన్‌లో యుక్స్తా, ఫ్రెంచికి వచ్చేసరికి జ. ఇది మనకి కొత్తేం కాదు, యోగి మన నోట్లో జోగి అయ్యాడు, యాత్ర జాతర అయింది, యముడు జముడయ్యాడు. సంస్కృతం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చేటప్పుడు మొదట్లో ఉన్న య ఇట్టా జ అయిపోద్ది. అక్కడ లాటిన్ నుంచి ఫ్రెంచికి కూడా అదే జరిగింది, ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలీకుండానే రెండు చోట్లా మనుషుల నాలుక ఒకటే దారి పట్టింది. నాకు ఇట్టాంటివి దొరికితే ఆ రోజు అన్నం కూడా గుర్తురాదు.

అదే యుక్స్తా నుంచి ఇంకో బిడ్డ కూడా పుట్టింది, జౌస్ట్. పాత రోజుల్లో యూరప్‌లో ఇద్దరు యోధులు గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి ఈటెలతో పొడుచుకునే ఆట. దానికీ మొదటి అర్థం దగ్గరికి రావడం, ఎదురుపడటమే. దగ్గరికి వచ్చాక కలుస్తారా పొడుచుకుంటారా అనేది తర్వాతి మాట. ఫ్రెంచిలో ఇప్పటికీ ఈ మాట రెండు రూపాల్లో ఉంది, అజుతే అంటే కలపడం, ఒకదానికి ఇంకోటి చేర్చడం, అజుస్తే అంటే సరిగ్గా అమర్చడం, రెండూ ఒక మాటే, విడిపోయి రెండు కాపురాలు పెట్టుకున్నాయి.

ఇప్పుడు పైన చెప్తానన్న తప్పు సంగతి. పాత ఫ్రెంచి రూపంలో డ లేదు. 16వ శతాబ్దంలో చదువుకున్నోళ్ళు కొందరు దీన్ని లాటిన్‌కి దగ్గరగా రాయాలని మధ్యలో డ ఇరికించారు. ఫ్రెంచి జనం కొన్నాళ్ళకి దాన్ని వదిలించుకున్నారు, ఇంగ్లీషులో మాత్రం ఉండిపోయింది. ఇంకోపక్క చూడబోతే ఆ మాట జస్ట్‌లాగా వినపడతా ఉంది, జస్ట్ వచ్చింది లాటిన్‌లో యూస్టుస్ అనే మాట నుంచి, ధర్మంగా న్యాయంగా ఉన్నది అని, దాని వేరు పూర్తిగా వేరే. కానీ జనం చెవికి రెండూ ఒకటే అనిపించాయి, అట్టా అనిపించేసరికి అర్థం కూడా అటు లాగింది, దగ్గరికి చేర్చడం కాస్తా సరిచెయ్యడం, ఉండాల్సిన తీరుకి తేవడం అయి కూర్చుంది. మాట వినపడే తీరుని బట్టి అర్థం మారడం అంటే ఇదే. తప్పులోంచి వచ్చినా ఆ అర్థం కూడా నాకు ముఖ్యమే, ఎందుకో కిందికి పోతే తెలుస్తది.

ఆ తర్వాత ఇంగ్లీషులో దీని ప్రయాణం లెక్కల వైపు పోయింది, కొలత పరికరాల వైపు పోయింది. 18వ శతాబ్దానికి ఇన్సూరెన్సులో చేరింది, ఎంత నష్టం అయింది ఎవరికెంత రావాలి అని తేల్చడం, లాస్ అడ్జస్టర్ అని ఇప్పటికీ ఉంటారు. మనిషే తనని తాను మార్చుకోని చుట్టూ ఉన్నదానికి అలవాటు పడటం అనే అర్థం 20వ శతాబ్దంలో బాగా పెరిగింది.

మన దేశం వచ్చాక మాత్రం దీని కథే వేరు. కన్నడంలో స్వల్ప అడ్జస్ట్ మాడి అంటారు, తమిళంలో కొంజం అడ్జస్ట్ పణ్ణుంగ అంటారు, తెలుగులో అవ్వు ఒకటి, చెయ్యి ఒకటి తగిలించి రెండు క్రియలు చేసుకున్నాం, తనే మారితే అడ్జస్ట్ అవ్వు, ఇంకోదాన్ని మారిస్తే అడ్జస్ట్ చెయ్యి. అయితే నాకు అర్థమైంది ఏందంటే, మనం ఇంగ్లీషు నుంచి తీసుకుంది మాట మాత్రమే, అర్థాలన్నీ మన సర్దు అనే క్రియవి. చూడండి, బట్టలు సర్దుతాం, గొడవ సర్దుతాం, ఉన్నదాంతో సర్దుకుంటాం, "ఒక రెండు వేలు సర్దరా, ఒకటో తారీకు ఇచ్చేస్తా" అంటాం. అప్పు అడగడం అనే అర్థం ఇంగ్లీషు అడ్జస్ట్‌కి ఎక్కడుంది? లేదు. కానీ మన వాళ్ళు "ఒక రెండు వేలు అడ్జస్ట్ చెయ్యి బావా" అని ఎంత ధీమాగా అడుగుతారు! సర్దు వేసుకున్న చొక్కా తీసి అడ్జస్ట్‌కి తొడిగాం, అంతే. మా అమ్మమ్మ సద్దుకో అనేది, మా అమ్మ సర్దుకో అంటది, మేం అడ్జస్ట్ అవ్వు అంటున్నాం, మూడు తరాలకీ పని ఒకటే, పేరే మారింది.

ఇంక ఆ మాట లేని చోటు ఏదీ లేదు. మెకానిక్ దగ్గర చైన్ అడ్జస్ట్‌మెంట్, బడిలో టీచర్లకి వర్క్ అడ్జస్ట్‌మెంట్, కూరలో ఉప్పూకారం అడ్జస్ట్ చేసుకోవడం. నా వయసోళ్ళకి డాబా మీద టీవీ యాంటెన్నా కూడా గుర్తుంటది, నాన్న పైన తిప్పుతుంటే కింద నుంచి మేం "రాలా... రాలా... ఆ వచ్చింది, ఉండు ఉండు, మళ్ళీ పోయింది" అని అరవడం. మా ఊరిదీ అదే బతుకు అనుకోండి, కందుకూరు పక్కన పల్లె మాది, మా తాతయ్య పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా, 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు మూడు జిల్లాల నుంచి తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేసినప్పుడు మేం అందులో పడ్డాం, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు, 2022లో కందుకూరుని మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఇల్లు కదల్లా, అడ్రస్సు మాత్రం కదులుతానే ఉంది.

నా పని లెక్కలు కాబట్టి ఆ సంగతి దగ్గర కాసేపు ఆగుతా. కామర్స్‌లో ముగింపు లెక్కలు అని ఒక పాఠం ఉంది, తెలుగు మీడియంలో చదివినోళ్ళకి గుర్తుంటది, పైన అంకణా, అంటే ఖాతాల నిల్వలన్నీ ఒకచోట రాసిన ట్రయల్ బ్యాలెన్స్, ఇచ్చి దాని కింద సర్దుబాట్లు అని ఒకటీ రెండూ మూడూ వేసి ఇస్తారు. ముగింపు సరుకు, తరుగుదల, ముందుగా చెల్లించిన బీమా, చెల్లించవలసిన జీతాలు. పిల్లలకి మొదటి రోజే నేను చెప్పేది ఒకటే, సర్దుబాటు ప్రతిదాన్నీ రెండు చోట్ల రాయాలి. చెల్లించవలసిన జీతాలు 2,000 అని ఇచ్చారనుకోండి, లాభనష్టాల ఖాతాలో జీతాలకి ఆ 2,000 కలపాలి, ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు మళ్ళీ ఆ 2,000 చూపించాలి. ఒకపక్కే రాసి రెండో పక్క మర్చిపోతే పట్టీ కుదరదు. ఏటా సగం మంది పిల్లలు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు, కిందా మీదా పడి కూడికలు మళ్ళీ మళ్ళీ చేస్తారు, కూడికలో ఏ తప్పూ ఉండదు పాపం, రెండోవైపు రాయకపోవడమే తప్పు.

పట్టీ కుదరని లెక్క అంటే నాకు మా అక్క గుర్తొస్తది.

మా అక్క నా కంటే ఆరేళ్ళు పెద్దది. బీఈడీ చేసింది, ఊళ్ళో ఒక ప్రైవేటు బళ్ళో సోషల్ చెప్పేది, పిల్లలు దాని వెనకాలే ఇంటి దాకా వచ్చేవాళ్ళు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. మా బావ చెడ్డోడు కాదు, కొట్టినోడూ తిట్టినోడూ కాదు, అది ముందే చెప్పాలి. కానీ పెళ్ళైన నెలకి ఉద్యోగం మానెయ్యమన్నారు, అడ్జస్ట్ అవ్వమ్మా అన్నారు. పండక్కి పుట్టింటికి ఒక్క రోజే పంపిస్తామన్నారు, అడ్జస్ట్ అవ్వు అన్నారు. ఆడబిడ్డ పురిటికొస్తే దాని గది ఇచ్చేసి వంటింటి పక్కన ఆరు నెలలు పడుకుంది, ఏముంది అడ్జస్ట్ అవ్వాలి గదా అన్నారు. పొద్దున్నే నాలుగున్నరకి లేవడం, తనకి ఇష్టమైన చేపల పులుసు ఆ ఇంట్లో ఎవరూ తినరని తనూ మానెయ్యడం, ఇట్టాంటివి చిన్నచిన్నవి ఎన్నో, విడివిడిగా చూస్తే ఒక్కటీ గొడవ పడేంతది కాదు. మాలో కూడా ఎవరం వేరేగా చెప్పలా. ఫోన్లో అక్క ఏడిస్తే మా అమ్మ కూడా ఏడుస్తానే, చివరాఖరికి "ఏం చేస్తాం, అడ్జస్ట్ అవ్వు తల్లీ" అనే పెట్టేసేది. నేనూ అన్నా ఒకటి రెండుసార్లు. ఆ మాట అన్నప్పుడల్లా మేం రాసింది ఒకపక్క పద్దు, రెండోపక్క అక్కడ ఎవరూ ఏదీ రాయలా, మా బావకి గానీ వాళ్ళమ్మకి గానీ అడ్జస్ట్ అవ్వమని ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్కరన్నా చెప్పగా నేను వినలా.

బస్సులో అడ్జస్ట్ అవ్వడం అట్టా లేదు. ఆ పెద్దామెకి చోటిచ్చింది ఒక్కరం కాదు, ముగ్గురం తలా కాస్త జరిగాం, ఆమె కూడా కూర్చోంగానే, మధ్యలో ఉన్నామె చెయ్యి తిమ్మిరెక్కిందని చూసి, ఆ బిడ్డ కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకుంది. తల అమ్మ ఒళ్ళో, కాళ్ళు ముక్కూమొహం తెలీని ఆ పెద్దామె ఒళ్ళో, బిడ్డ అట్టానే నిద్రపోయింది.

ఇప్పుడు కాడి సంగతి. యుజ్ అనే వేరుకి అన్నిటికంటే పాత అర్థాల్లో ఒకటి కాడి కట్టడం. సంస్కృతంలో యుగం అంటే కృతయుగం కలియుగం ఒకటే కాదు, ఎద్దుల మెడ మీద వేసే కాడిని కూడా యుగం అంటారు. లాటిన్‌లో కాడి యుగుమ్, గ్రీకులో జుగోన్, ఇంగ్లీషులో యోక్, అక్కడ గ కాస్తా క అయింది. మొగుడూపెళ్ళాల బంధాన్ని కాంజుగల్ అంటారు గదా ఇంగ్లీషులో, అందులోనూ ఈ కాడే ఉంది, ఇద్దరినీ ఒక కాడికి కట్టడం. ఒకరిని లొంగదీసుకోవడాన్ని సబ్జుగేట్ అంటారు, కాడి కిందికి తోయడం, అందులోనూ ఇదే. ఇన్ని భాషలు తిరిగిన ఆ మాట చివరికి కాడి కాడికి తెచ్చి నిలబెట్టింది నన్ను, మా తాతయ్య కాడి దగ్గరికి.

మాకు ఒంగోలు గిత్తలు ఉండేవి. ఒంగోలు జాతి సంగతి ఈ ప్రాంతం వాళ్ళకి నేను చెప్పేదేం లేదు గానీ, బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఈ జాతి నుంచి వచ్చినవే, అక్కడ వాటి పేరు నెలోర్, అది మన నెల్లూరు పేరే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే కాబట్టి. 1960ల్లో ఇక్కడి నుంచి పోయిన ఆబోతుల్లో ఒకదాని పేరు కరవది, ఒంగోలు పక్కన ఊరు పేరే దానికి పెట్టారు. సరే, మా తాతయ్య దగ్గర ఉన్నవి రెండు. వలపట ఎద్దు పెద్దది, కొండలాగా ఉండేది, దాపట గిత్త రెండేళ్ళు చిన్నది, అప్పుడప్పుడే అరక నేర్చుకుంటా ఉంది. పొగాకు నాటే ముందు దుక్కి జరుగుతుంటే నేను సద్ది తీసుకోని చేలోకి పోయేదాన్ని, ఎనిమిదేళ్ళు నాకు.

ఒకరోజు తాతయ్య దున్నుతా దున్నుతా ఆపేసి, నాగలి నొగనీ, అంటే నాగలి నుంచి ఎడ్ల మధ్యకి వచ్చే పొడుగాటి కర్రనీ, కాడినీ కలిపి కట్టిన తాడు విప్పాడు. విప్పి, కాడి మధ్యలో ఉన్నదాన్ని నాలుగు వేళ్ళు కొలిచి పెద్ద ఎద్దు వైపుకి జరిపి మళ్ళీ బిగించి కట్టాడు. మధ్యలో కడితేనే గదా తాతా ఇద్దరికీ సమానం అని అడిగా. ఆయన చిన్నదాని మెడ మీద చెయ్యేసి చూపించాడు, బొచ్చు లేచిపోయి ఎర్రగా కందిపోయి ఉంది, ఈగలు ముసురుతున్నాయి. "సమానంగా కట్టే దీని మెడ ఇట్టయిందమ్మా. తాడు ఎవురికి దగ్గరుంటే వాళ్ళకి బరువెక్కువ. పెద్దోడు మోస్తాడులే కొన్నాళ్ళు" అన్నాడు. కాడి కూడా తక్కెడ లాంటిదే, తాడు ఉన్న చోటే దాని ముల్లు, ముల్లు అటు జరిగితే ఇటు పక్క కర్ర పొడుగు పెరిగి, ఇటున్నోడికి బరువు తగ్గుద్ది. ఇది ఫిజిక్స్ పాఠంలో నేను చాలా ఏళ్ళ తర్వాత చదివా, తాతయ్య అయిదో తరగతి కూడా చదవలేదు.

దగ్గరికి చేర్చడం అనే లాటిన్ అర్థమూ, పొరపాటున వచ్చి కలిసిన న్యాయం అనే అర్థమూ, రెండూ ఆ తాడులోనే ఉన్నాయి. అడ్జస్ట్ అనే మాట తాతయ్య ఎప్పుడన్నా అన్నాడో లేదో నాకు గుర్తులేదు, ఆ పనికి నాకు ఇంతకంటే మంచి బొమ్మ మాత్రం ఇంకెక్కడా దొరకలా.

తాతయ్య పోయాడు, ఎడ్లు పోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి. కాడి మాత్రం పాత కొట్టంలో దూలానికి వేలాడతానే ఉంది. మొన్న ఆ బస్సులో నేను పోయింది మా ఊరికే, అక్క కూడా వచ్చుంది, ఈసారి నాలుగు రోజులు ఉండనిచ్చారు. డిక్షనరీల్లో చదివిందంతా మర్నాడు అక్కకి చెప్పి, ఇద్దరం కొట్టంలోకి పోయి స్టూలేసుకోని కాడి కిందికి దించాం. దుమ్ము తుడిస్తే తాడు రాసుకోని పడిన గాడి కనపడింది. ఒకటి కాదు, రెండు. ఒకటి నడిమధ్యలో లోతుగా, ఇంకోటి దానికి నాలుగు వేళ్ళ అవతల కొంచెం పైపైన.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, చిన్న గిత్త బలం పుంజుకున్నాక తాతయ్య తాడుని మళ్ళీ మధ్యలోకి తెచ్చేశాడని. అక్క ఆ పైపై గాడిలో వేలు పెట్టి అటూఇటూ రాసింది.

"ఇక్కడ ఎన్నాళ్ళు కట్టాడే?"

"రెండేళ్ళనుకుంటా అక్కా, అంతకంటే ఎక్కువ ఉండదు."

"రెండేళ్ళేనా" అనింది.

కాసేపు అట్టానే చూసి, పైట చెంగుతో ఇంకోసారి తుడిచి, కాడిని వెలుతురు పడే చోటికి జరుపుకోని, రెండు గాళ్ళూ కనపడేట్టు ఫోన్లో ఫోటో తీసింది. మీ బావకి పంపిస్తున్నా అనింది. ఫోటో కింద చాలా సేపు ఏదో టైప్ చేసింది, ఏం రాసిందో నేను అడగలా.